కప్పకు ఇంటిపేరు పెట్టిన లిన్నేయస్

తమ్ముళ్లూ! మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని సార్ ఫోన్ చేసి అడిగినప్పుడు చాలా పేర్లు మనసులో మెదిలాయి. అంబేద్కర్ గారి మీద, ఫూలే గారి మీద ప్రతి ఏడూ మన సంచికలో మంచి వ్యాసాలు వస్తున్నాయి, ఈసారీ వస్తాయి. నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నవాణ్ణి కాబట్టి నా సబ్జెక్టులోంచి ఒకాయన గురించి రాస్తాను. ఆయన పేరు మీరు హైస్కూలు సైన్సు పుస్తకంలో చూసే ఉంటారు. కార్ల్ లిన్నేయస్. పరీక్షలో ఒక్క మార్కు బిట్టుగా వస్తాడు, ద్వినామీకరణ పితామహుడు ఎవరు అని. ఆ మార్కు తెచ్చుకుని ఆయనను వదిలేస్తాం. నేనూ అట్లాగే వదిలేశాను. మళ్లీ ఆయన దగ్గరికి నన్ను తీసుకుపోయింది మన హాస్టల్ నల్లాల కాడి కప్ప.

ఆ కప్ప మీ అందరికీ తెలుసు. వానలు పడగానే మోరీ సందుల్లోంచి బయటికొచ్చి, స్తంభం లైటు కింద కూర్చుని, రాలిన ఉసిళ్లను నాలుకతో ఒక్కొక్కటిగా ఏరుకు తింటుంది. ఒళ్లంతా పొక్కులు, బురద రంగు. ఎగరనూ సరిగా ఎగరదు, నాలుగు చిన్న గంతులు వేసి ఆగిపోతుంది. దాని ఉచ్చ తగిలితే పులిపిర్లు వస్తాయని చెప్పుకునేవాళ్లం. అది అబద్ధం, పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి. నేను ఏడో తరగతిలో చేరిన ఏడు మా గది పిల్లలం మెస్ నుంచి ఉప్పు తెచ్చి దాని మీద చల్లి చూశాం. అది ఎట్లా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. ఇంతకు మించి రాయను.

దాన్ని మా ఊళ్లో గోదురుకప్ప అంటారు. నా రూమ్మేట్ వాళ్ల ఊళ్లో గోదురుకప్ప అంటే వానకు చెరువులో పసుపు రంగు తిరిగి బెకబెకమని అరిచే పెద్ద కప్ప. ఇంకో ఊళ్లో మన కప్పనే గోండ్రుకప్ప అంటారట. వానలు లేనప్పుడు రోకలికి కట్టి కప్పతల్లి ఆడే పిల్లలకైతే ఏది దొరికితే అదే కప్ప. ఒకే పేరు రెండు జంతువులకు, ఒకే జంతువుకు మూడు పేర్లు. తూప్రాన్ చుట్టుపక్కల పది ఊళ్లలోనే ఇంత తికమక ఉంటే ప్రపంచం మొత్తం మీద ఎంత ఉంటుందో ఆలోచించండి.

డిగ్రీ రెండో ఏడు ల్యాబులో ఒక గాజు సీసాలో మన నల్లా కాడి కప్ప కనిపించింది. చీటీ మీద దత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్ (ష్నైడర్, 1799) అని ఉంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఇంత పెద్ద పేరు చూసి మొదట నవ్వొచ్చింది. తర్వాత మేడమ్ ఒక మాట వివరించారు. ఈ పేర్లలో మొదటి మాట ప్రజాతిది, రెండోది జాతిది, మన తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక రాసుకున్నట్టే అని. అప్పుడు లోపల ఏదో కదిలింది. మా తాతకు ముందు పుట్టినవాళ్లు ఇద్దరు పోయారని, ఈయనన్నా బతకాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఆ పేరే పెట్టారు. రేషన్ కార్డులో ఇప్పటికీ అదే పేరు. మా ఇంటిపేరును నేను మొదటిసారి పూర్తిగా రాసింది బడి అప్లికేషన్ ఫారంలోనే. అట్లాంటిది మోరీలో బతికే కప్పకు ఇంటిపేరు ఉందా? ఉంటే ఎవరు పెట్టారు? అట్లా లిన్నేయస్ జీవితం చదవడం మొదలుపెట్టాను.

కార్ల్ లిన్నేయస్ 1707 మే 23న స్వీడన్ దేశంలో స్మాలాండ్ అనే ప్రాంతంలో రోషుల్ట్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి నిల్స్ చర్చిలో చిన్న పాస్టరు, రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆ రోజుల్లో స్వీడన్ రైతులకు ఇంటిపేర్లు లేవు. ఫలానా వాడి కొడుకు ఫలానా, అంతే. యూనివర్సిటీలో చేరేటప్పుడు ఇంటిపేరు కావాల్సి వచ్చి, నిల్స్ తమ పొలంలో ఉన్న పెద్ద లిండ్ చెట్టు పేరు మీద లిన్నేయస్ అని రాసుకున్నాడు. ప్రపంచంలోని చెట్టుకూ పుట్టకూ పేర్లు పెట్టిన మనిషికి తన ఇంటిపేరే ఒక చెట్టు నుంచి వచ్చింది. అదీ ఒక అప్లికేషన్ కోసమే వచ్చింది.

తండ్రికి పూల తోట అంటే ప్రాణం. పిల్లవాడు ఏడిస్తే చేతిలో ఒక పువ్వు పెట్టేవారట. ఆ పిచ్చి కార్ల్‌కు అంటుకుంది, బడి మాత్రం అంటుకోలేదు. వెక్షో పట్టణంలో బడికి వేస్తే, పాస్టరు కావడానికి కావాల్సిన హీబ్రూ, మతశాస్త్రం బుర్రకెక్కక పొలాల గట్ల మీద మొక్కలు ఏరుకుంటూ తిరిగాడు. 1726లో తండ్రి కొడుకు చదువు ఎట్లా ఉందో కనుక్కుందామని వస్తే, వీడు చదువుకు పనికిరాడు, ఏదైనా చేతిపనిలో పెట్టుకొమ్మని మాస్టర్లు చెప్పారు. ఆ మాట విన్న తండ్రి మొహం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే మా నాయన మొహం నేను చూశాను. కార్ల్ అదృష్టం, అదే ఊళ్లో రోత్‌మన్ అనే డాక్టరు ఉన్నాడు. ఆ బడిలో పాఠాలు కూడా చెప్పేవాడు. పిల్లవాడు పాస్టరు కాకపోవచ్చు గానీ మంచి వైద్యుడు అవుతాడని తండ్రికి నచ్చజెప్పి, తన ఇంట్లో పెట్టుకుని శరీరశాస్త్రం, వృక్షశాస్త్రం నేర్పాడు. ఒక్క మాస్టారు చాలు కదా తమ్ముళ్లూ.

1727లో లుండ్ యూనివర్సిటీ. అక్కడ స్టోబేయస్ అనే డాక్టరు ఇంట్లో అద్దెకు ఉన్నాడు. ఆయన దగ్గర మంచి లైబ్రరీ ఉంది, తాళం వేసి ఉంటుంది. ఆయన దగ్గర పనిచేసే ఒక విద్యార్థికి పాఠం చెప్పి, బదులుగా రాత్రిపూట పుస్తకాలు తెప్పించుకుని, తెల్లారేలోపు తిరిగి పెట్టించేవాడు. ఇంట్లో ముసలమ్మకు ఆ గదిలో రాత్రంతా కొవ్వొత్తి వెలుగు కనిపించి, ఇల్లు అంటుకుంటుందేమోనని భయపడి కొడుకుకు చెప్పింది. ఆయన ఒక రాత్రి చప్పుడు కాకుండా వచ్చి చూస్తే పిల్లవాడు తన పుస్తకాలే చదువుతున్నాడు. తిట్టలేదు. తాళం చెవి ఇచ్చాడు, ఆ తర్వాత అన్నమూ పెట్టాడు. పది గంటలకు లైట్లు ఆర్పాక దుప్పటి కింద సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని చదివే మన వాళ్లందరికీ ఈ సంగతి చెప్పాలనిపించింది.

మరుసటి ఏడు ఉప్సాలా యూనివర్సిటీకి పోయాడు. చేతిలో డబ్బు కొద్దిరోజుల్లోనే అయిపోయింది. బూట్ల అడుగులు ఊడిపోతే లోపల కాగితం మడిచి పెట్టుకుని నడిచాడు. ఉప్సాలా చలి మన డిసెంబరు చలి కాదు, మంచు కురిసే చలి. ఆ స్థితిలో 1729లో యూనివర్సిటీ తోటలో కూర్చుని మొక్కలు రాసుకుంటుంటే ఒక పెద్దాయన వచ్చి నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఆయన ఓలోఫ్ సెల్సియస్, మన థర్మామీటరు సెల్సియస్‌కు పినతండ్రి వరస. కుర్రవాడి జవాబులు విని తన ఇంట్లో గది ఇచ్చి భోజనం పెట్టాడు. ఒక రకంగా చెప్పాలంటే లిన్నేయస్ కూడా హాస్టల్ పిల్లగాడే. 1730లో ఆ యూనివర్సిటీ తోటలోనే విద్యార్థులకు పాఠాలు చెప్పే పని దొరికింది. అప్పటికి ఆయన వయసు 23. నా వయసు.

ఆ రోజుల్లోనే ఒక స్నేహం కుదిరింది. కప్పల సంగతికి ఇదే ముఖ్యం. పీటర్ ఆర్టెడి అని ఇంకో పాస్టరు కొడుకు, ఇంకో పేద విద్యార్థి, లిన్నేయస్ కంటే రెండేళ్లు పెద్ద. లిన్నేయస్ గబగబా మాట్లాడే మనిషి, ఆర్టెడి నెమ్మది. ఇద్దరూ కూర్చుని ప్రకృతిని మొత్తం పంచుకున్నారు, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు. పక్షులు, పురుగులు, మొక్కల్లో ఎక్కువ భాగం లిన్నేయస్‌కు. చేపలు, ఉభయచరాలు ఆర్టెడికి. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా మిగిలినవాడు ఆ పని పూర్తి చేయాలని ఒప్పందం. అంటే మన గోదురుకప్ప అసలు ఆర్టెడి వాటా.

1732లో లిన్నేయస్ ఒక్కడే ఉత్తరాన లాప్లాండ్‌కు పోయి దాదాపు ఐదు నెలలు తిరిగి వచ్చాడు. 1735లో హాలెండ్ ప్రయాణమయ్యాడు, ఎందుకంటే డాక్టర్ పట్టా అక్కడ తొందరగా, తక్కువ ఖర్చులో వచ్చేది. దారిలో హాంబర్గ్‌లో ఒక గమ్మత్తు జరిగింది. అక్కడ ఏడు తలల సర్పం ఉందని ఊరంతా చెప్పుకుంటున్నారు, దాన్ని పెద్ద ధరకు అమ్మబోతున్నారు. లిన్నేయస్ చూసి, అది ముంగిస లాంటి జంతువుల దవడలకు పాముతోలు అంటించి చేసిన బొమ్మ అని అందరికీ చెప్పేశాడు. సొంతదారులకు కోపం వస్తుందని ఊరు వదిలి పోవలసి వచ్చింది. హార్డర్‌విక్ అనే చిన్న యూనివర్సిటీలో చలిజ్వరం మీద థీసిస్ ఇచ్చి రెండు వారాల లోపే డాక్టర్ అయ్యాడు. మన పీహెచ్‌డీ అన్నలు ఈ వాక్యం చదవకుంటే మంచిది.

అదే ఏడు లైడెన్ పట్టణంలో ఆయన పుస్తకం సిస్టమా నేచురే అచ్చయింది. పెద్ద సైజు కాగితాలు పన్నెండుకు మించవు. ఖనిజాలు, మొక్కలు, జంతువులు మొత్తం అందులో పట్టికలుగా ఉన్నాయి. ఆర్టెడి కూడా అప్పటికి హాలెండ్ చేరాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సెబా అనే మందుల వ్యాపారి దగ్గర ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన జంతువుల సీసాలు ఉండేవి. వాటిలో చేపలను వర్ణించే పని లిన్నేయసే ఆర్టెడికి ఇప్పించాడు. 1735 సెప్టెంబరు చివర ఒక రాత్రి సెబా ఇంట్లో భోజనం చేసి బసకు తిరిగి పోతూ ఆర్టెడి చీకట్లో కాలువలో పడి చనిపోయాడు. వయసు 30. గది అద్దె బాకీ ఉండటంతో ఇంటి యజమాని ఆయన రాతప్రతులు ఇవ్వనన్నాడు. లిన్నేయస్ తనను పోషిస్తున్న క్లిఫర్డ్ అనే ధనవంతుణ్ణి బతిమాలి ఆ బాకీ కట్టించి, కాగితాలు విడిపించి, 1738లో చేపల మీద ఆర్టెడి పుస్తకాన్ని ఆర్టెడి పేరుతోనే అచ్చు వేయించాడు. లిన్నేయస్ తన గొప్ప తానే చెప్పుకునే మనిషి. తన జీవితచరిత్రను ఒకటికి నాలుగుసార్లు రాసుకుని ప్రతిసారీ తనను బాగానే మెచ్చుకున్నాడు. కానీ ఈ ఒక్క పని కోసం ఆయనకు దండం పెట్టవచ్చు.

చేపలకు న్యాయం జరిగింది, కప్పలకు జరగలేదు. ఆ వాటా ఇష్టం లేని మనిషి చేతికి వచ్చింది.

స్వీడన్‌కు తిరిగి వచ్చి స్టాక్‌హోమ్‌లో వైద్యం చేసి, 1739లో సారా ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకుని, 1741లో ఉప్సాలాలో ప్రొఫెసర్ అయ్యాడు. బూట్లలో కాగితం పెట్టుకుని తిరిగిన వీధుల్లోనే శనివారాలు వందమందికి పైగా విద్యార్థులను వెంటేసుకుని మొక్కలకు పోయేవాడు, సాయంత్రం బాకాలు ఊదుతూ, డప్పులు కొడుతూ ఊళ్లోకి వచ్చేవారు. 1753లో మొక్కల గ్రంథం వచ్చింది. 1758లో సిస్టమా నేచురే పదో ముద్రణ వచ్చింది. నాలుగు వేలకు పైగా జంతువులు, ప్రతిదానికీ రెండే మాటల పేరు. ఈనాటికీ జంతువుల శాస్త్రీయ నామాలకు లెక్క ఈ పుస్తకం నుంచే మొదలు.

ఆ పుస్తకంలో కప్పలున్న పేజీ తీస్తే మనసు చివుక్కుమంటుంది. ఉభయచరాల విభాగంలో ఆయన పాములు, బల్లులు, తాబేళ్లు, కప్పలు, ఆఖరికి సొరచేపలను కూడా కలిపి పడేశాడు. పైగా వాటిని తిట్టాడు. ఒళ్లు చల్లన, రంగు వెలవెల, చర్మం మురికి, చూపు భయంకరం, గొంతు కర్కశం, ఉండే చోటు రోత అని వరసగా రాసి, అందుకే సృష్టికర్త వీటిని ఎక్కువగా చేయలేదన్నట్టు ముగించాడు. యూరప్ గోదురుకప్పకు రానా బుఫో అని పేరు పెట్టాడు. రానా అంటే లాటిన్‌లో కప్ప, బుఫో అంటే గోదురుకప్ప. అంటే దానికి సొంత ఇంటిపేరు ఇవ్వలేదు, మామూలు కప్పల ఇంట్లోనే ఒక మూలకు వేశాడు. ఇంకోదానికి రానా మరీనా అని పెట్టాడు. మరీనా అంటే సముద్రానిది. సెబా పుస్తకంలోని బొమ్మ చూసి, అది సముద్రంలోనూ ఉంటుందని సెబా అనుకున్న పొరపాటును అట్లాగే పేరులో దించాడు. ఆర్టెడి చివరి భోజనం చేసింది ఆ సెబా ఇంట్లోనే. ఆర్టెడి బతికుంటే ఆ పేజీ వేరేగా ఉండేదని నా నమ్మకం. ఆయన చేపల వెన్నుముళ్లు, రెక్కల పుల్లలు ఒక్కొక్కటి లెక్కపెట్టి రాసే మనిషి.

దానికంటే ఎక్కువ బాధపెట్టిన పేజీ ఇంకోటి ఉంది. మనిషిని కోతులతో కలిపి ఒకే క్రమంలో పెట్టే ధైర్యం లిన్నేయస్ చేశాడు. చర్చి పెద్దలకు అది నచ్చలేదు. మనుషులందరిదీ ఒకే జాతి, హోమో సేపియన్స్ అన్నాడు. అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు. ఖండాన్ని బట్టి, ఒంటి రంగును బట్టి మనుషులను నాలుగు రకాలు చేశాడు. 1758 నాటికి ప్రతి రకానికీ ఒక గుణం కూడా అంటగట్టాడు. యూరప్ తెల్లవాడు తెలివైనవాడు, చట్టం ప్రకారం నడుచుకుంటాడు. ఆసియావాడు గర్విష్ఠి, ఆశపోతు. ఆఫ్రికా నల్లవాడు సోమరి, జిత్తులమారి, బుద్ధి పుట్టినట్టు నడుస్తాడు. ఇట్లా. ఆయన ఆఫ్రికా చూడలేదు, ఆసియా చూడలేదు. బొమ్మ చూసి కప్పను సముద్రంలో వేసినట్టే, విన్న మాటలు నమ్మి మనుషులను వరసపెట్టాడు. కప్ప పేరులో తప్పు కప్పకు ఏమీ చేయలేదు. మనుషుల పట్టిక మీద మాత్రం తర్వాతి వందేళ్లలో చాలామంది చాలా కట్టారు, బానిసత్వం కూడా దాని నీడలో నిలబడింది. పుట్టుకను బట్టి గుణం అనే లెక్క మనకు కొత్త కాదు, మన ఊళ్లలో దానికి లాటిన్ అవసరం రాలేదు. ఆ పేజీ చదివిన రాత్రి నేను ఈయన మీద వ్యాసం రాయకూడదనుకున్నాను. తర్వాత మా సీనియర్ ఒకన్న అన్నాడు, తప్పు చేసిన పేజీ చెప్పకుండా ఒప్పు పేజీ చెబితేనే తప్పు అని. అందుకే రెండూ రాస్తున్నాను.

ఇంకొక మాట, ఇది చెల్లెళ్ల కోసం. కూతుళ్ల చదువు మీద ఆయన శ్రద్ధ పెట్టలేదు, ఇంటి పని వస్తే చాలన్నాడు. అయినా పెద్ద కూతురు ఎలిజబెత్ క్రిస్టీనా, సాయంత్రం మసక వెలుగులో తోటలోని ఒక పువ్వు మెరిసినట్టు కనిపించడం గమనించి రాస్తే, 1762లో స్వీడన్ సైన్స్ అకాడమీ దాన్ని అచ్చు వేసింది.

శిష్యులను ఆయన దేశదేశాలకు పంపాడు. వారిలో చాలామంది తిరిగి రాలేదు. ఒకరు యెమెన్‌లో, ఒకరు టర్కీలో, ఒకరు వెనిజులాలో పోయారు. మొదట పోయినాయన పెళ్లయినవాడు, ఆయన భార్య లిన్నేయస్‌ను నిలదీసింది. ఆ తర్వాత పెళ్లికాని వాళ్లనే పంపాడు. మన తెలుగు నేల మీద ప్రాణం విడిచిన శిష్యుడు కూడా ఉన్నాడు. కోనిగ్ అని, 1768లో తమిళనాడులోని ట్రాంకేబార్‌కు డాక్టరుగా వచ్చి, ఆర్కాట్ నవాబు దగ్గర, తర్వాత మద్రాసులో ఈస్టిండియా కంపెనీ దగ్గర ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయన చేసిన ఉద్యోగమే తర్వాత విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రసెల్‌కు వచ్చింది. రక్తపింజరికి రసెల్స్ వైపర్ అని ఇంగ్లీషు పేరు ఆయన వల్లే. లిన్నేయస్ చేతి నుంచి మన వాగుల దాకా దారి అట్లా పడింది.

లిన్నేయస్‌కు 1761లో ప్రభువుల హోదా వచ్చింది, వాన్ లిన్నే అయ్యాడు. చివరి ఏళ్లలో పక్షవాతం వచ్చి, జ్ఞాపకశక్తి పోయింది. 1778 జనవరి 10న ఉప్సాలాలో మరణించాడు, అక్కడి పెద్ద చర్చిలోనే సమాధి. ఆయన సేకరణలను కుటుంబం 1784లో స్మిత్ అనే ఇంగ్లీషు కుర్రవాడికి అమ్మింది, వాటి కోసమే 1788లో లండన్‌లో లిన్నేయన్ సొసైటీ పుట్టింది. ప్రతి జాతికీ ఒక నమూనా ఉండాలని శాస్త్ర నియమం. 1959లో స్టెర్న్ అనే శాస్త్రజ్ఞుడు హోమో సేపియన్స్‌కు నమూనాగా లిన్నేయస్‌నే చూపించాడు. అందరినీ సీసాల్లో పెట్టి చీటీ అంటించిన మనిషి చివరికి తానే ఒక చీటీ కింద పడుకున్నాడు.

ఇక మన కప్ప ఇంటిపేరు సంగతి. లిన్నేయస్ బతికుండగానే, 1768లో, వియన్నాలో లారెంటి అనే డాక్టరు తన పుస్తకంలో గోదురుకప్పలను రానా నుంచి విడదీసి బుఫో అనే వేరు ఇల్లు చూపించాడు. 1799లో ష్నైడర్ మన కప్పకు బుఫో మెలనోస్టిక్టస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో నల్లచుక్కలది అని అర్థం. ఈ ష్నైడర్ అసలు గ్రీకు పండితుడు, పెద్ద గ్రీకు నిఘంటువు రాసినాయన. 1825లో గ్రే అనే ఆయన ఈ గోదురుకప్పలన్నిటికీ బుఫోనిడే అనే కుటుంబం కట్టాడు. తర్వాత బుఫో అనే ఇంట్లోకి దొరికిన గోదురుకప్పనల్లా వేస్తూ పోయారు, అమెరికాది, ఆఫ్రికాది, మనది. ఒకే ఇంటిపేరు మీద వందల జాతులు. 2006లో డీఎన్‌ఏ పోల్చి చూసిన శాస్త్రజ్ఞుల బృందం ఆ ఇంటిని చాలా ముక్కలు చేసింది. మన వైపు గోదురుకప్పలకు దత్తాఫ్రైనస్ అని కొత్త ఇంటిపేరు వచ్చింది. ఒడిశాకు చెందిన కప్పల శాస్త్రజ్ఞుడు సుశీల్ కుమార్ దత్తా గారి గౌరవార్థం. ఫ్రైనస్ అంటే గ్రీకులో గోదురుకప్ప. ఇల్లు మారినా మొదట పేరు పెట్టినవాడి పేరు పోదు, బ్రాకెట్లోకి వెళ్తుంది. ష్నైడర్ పేరు బ్రాకెట్లో ఉండటానికి కారణం అదే. యూరప్ కప్ప ఇప్పుడు బుఫో బుఫో (లిన్నేయస్, 1758). కప్పలను తిట్టినాయన పేరు ఒక గోదురుకప్ప వెనక బ్రాకెట్లో కూర్చుంది.

సృష్టికర్త ఎక్కువ చేయలేదని ఆయన అన్నాడు కదా. ఇప్పటికి ఈ ఒక్క గోదురుకప్పల కుటుంబంలోనే 600కు పైగా జాతులు, 50కి పైగా ప్రజాతులు లెక్కకొచ్చాయి. అన్నిటికీ కొన్ని పోలికలు. దవడల్లో పళ్లు ఉండవు. చాలావాటికి కళ్ల వెనక ఉబ్బెత్తు విషగ్రంథులు ఉంటాయి. కుక్క కరిస్తే నోట్లోంచి నురగ కక్కేది వాటి వల్లే, మీరు ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. మగదానికి వృషణాల పక్కన బిడ్డర్ అవయవం అని చిన్న ముద్ద ఉంటుంది, వృషణాలు తీసేస్తే అది అండాశయంగా మారగలదు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం తప్పు అచ్చయిందనుకున్నాను. పడమటి కనుమల్లో చెట్లెక్కే గోదురుకప్ప ఉంది. టాంజానియాలో ఒక జలపాతం తుంపర్లలో మాత్రమే బతికి, గుడ్లు కాకుండా పిల్లలను కనే చిన్నది ఉండేది. డ్యామ్ కట్టి తుంపర ఆగాక 2009లో అది అడవిలో అంతరించిందని ప్రకటించారు, జూలలో పెంచినవాటిని తిరిగి వదులుతున్నారు. కోస్టారికా బంగారు రంగు గోదురుకప్పను 1989 తర్వాత ఎవరూ చూడలేదు. లిన్నేయస్ మరీనా అని పొరపాటు పేరు పెట్టినదాన్ని 1935లో చెరకు పురుగులు తింటుందని ఆస్ట్రేలియాలో సుమారు వంద తెచ్చి వదిలారు. పురుగులను తినలేదు, కోట్లకు పెరిగింది, దాన్ని తిన్న అక్కడి జంతువులు విషంతో చస్తున్నాయి. ఆస్ట్రేలియాలో, మడగాస్కర్‌లో సహజంగా గోదురుకప్పలే లేవు. 2014లో మడగాస్కర్ ఓడరేవు పట్టణం తోమసినా దగ్గర ఒకటి కనిపించింది. ఏదో అనుకున్నారా? మన నల్లా కాడిదే. దత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. ఓడ సరుకులతో పోయి ఉంటుందంటున్నారు.

పోయిన వానాకాలం సెలవులకు వచ్చినప్పుడు ఒక రాత్రి మన హాస్టల్ వెనక, మరుసటి రోజు హల్దీ వాగు ఒడ్డున టార్చ్ పట్టుకుని తిరిగాను. ఎనిమిదో తరగతి తమ్ముళ్లు నలుగురు నాతో వచ్చారు. మీరు కూడా చూడండి. తల మీద కళ్ల చుట్టూ నల్లని గట్లు ఉండి, పొక్కుల చివర నల్లగా ఉంటే అది మెలనోస్టిక్టస్. తల మీద గట్లు లేకుండా నున్నగా ఉంటే అది స్టొమాటికస్ కావచ్చు. తెలంగాణలో అదీ ఉంది. మీ బొటనవేలికి కాస్త పెద్దగా మాత్రమే ఉంటే స్కేబర్ కావచ్చు, కానీ పెద్దదాని పిల్లను చూసి మోసపోకండి. నీటి గుంటలో నల్లని పూసలు గుచ్చినట్టు రెండు దారాలు కనిపిస్తే అవి గోదురుకప్ప గుడ్లు. మామూలు కప్పల గుడ్లు దారంలా ఉండవు, ముద్దలుగానో తెట్టులానో ఉంటాయి. పట్టుకోవద్దు, ఉప్పు వేయవద్దు. నోటుబుక్కులో తేదీ, చోటు, వాన పడిందా లేదా, ఎన్ని కనిపించాయి రాయండి. ఆఫీసు రూములో సార్ దగ్గర ఒక వంద పేజీల నోటుబుక్కు ఇచ్చి వచ్చాను. మొదటి పేజీలో మేం ఆ రాత్రి చూసినవి ఉన్నాయి. పదకొండు, అన్నీ మెలనోస్టిక్టసే. రెండో పేజీ ఖాళీగా ఉంది.